పిడి బాగుంటేనే కత్తి

పాత మంగలి కత్తి ఎవరింట బయటపడినా పరిస్థితి దాదాపు ఒకటే. ఉక్కు బతికే ఉంటుంది, పిడి పోయి ఉంటుంది. వెన్ను మీద తుప్పు మచ్చలు పడినా, వాదర కాస్త పెచ్చులూడినా సానరాయి దగ్గర ఓపిగ్గా కూర్చుంటే చాలావరకు తేరుకుంటాయి. పిడి సంగతి అలా కాదు. కొమ్ముతో చేసిందైతే పురుగు తొలిచి ఉంటుంది. చెక్కదైతే మేకు దగ్గర నిలువునా చీలి ఉంటుంది. సెల్యులాయిడ్‌దైతే ముట్టుకుంటే పెళపెళ విరుగుతుంది. అటక మీది ట్రంకు పెట్టెలో తాతగారి కత్తి దొరికిందని సంబరపడినవాళ్లు, పిడి చూసి పెదవి విరిచి మళ్లీ అందులోనే పడేస్తారు. కొన్ని ఇళ్లలో అది నేరుగా పాత ఇనుము బండిలోకి పోతుంది.

అలా పోనివ్వక్కర్లేదు. కొత్త పిడి ఇంట్లోనే చేసుకోవచ్చు, పెద్ద యంత్రాలేవీ లేకుండానే. చెన్నైలో ఉన్నవాళ్లకు మరీ సులువు. ఇత్తడి కడ్డీ, వాషర్లు కావాలంటే బ్రాడ్‌వే వైపు హార్డ్‌వేర్ దుకాణాలున్నాయి. చెక్క ముక్కకు వాల్‌టాక్స్ రోడ్డు కలప దుకాణాలు. వాదరకు చివరి మెరుగు పెట్టే తోలు పట్టాకు పెరియమేడు. సెంట్రల్ స్టేషన్లో దిగిన మనిషి కాళ్లకు కాస్త పని చెబితే ఇవన్నీ ఒక పూటలో చుట్టిరావచ్చు. కత్తికి సాన పట్టేవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు గానీ, మడత కత్తికి పిడి బిగించగల చేతులు అరుదైపోయాయి. అందుకే ఇక్కడ పని గురించే ఎక్కువ చెబుతాను. చరిత్ర దారిలో ఎదురైనంత మేరకే.

మధ్యలో సందు, చివర ఒక ముక్క

మడత కత్తి పిడిలో ఉండే వస్తువులు తక్కువే. రెండు పల్చటి రేకులు. ఒక చివర వాటి మధ్య కత్తి మెడను ఉంచి అడ్డంగా దూర్చిన ఇరుసు మేకు. రెండో చివర రేకుల నడుమ ఒక చిన్న సందు ముక్క, దాన్ని పట్టి ఉంచే ఇంకో మేకు. మేకు తలలు రేకులోకి దిగబడకుండా బయట బుల్లి వాషర్లు. స్క్రూ లేదు, స్ప్రింగు లేదు, లాకు లేదు.

తంటా అంతా ఆ లేకపోవడంలోనే ఉంది. కత్తి తెరిచిన చోట నిలవాలి. మూస్తే సరిగ్గా రేకుల నడిమికి దిగాలి. దిగాక వాదర దేనికీ తగలకూడదు. స్ప్రింగు చేయాల్సిన పని మేకు బిగువు చేయాలి. లాకు చేయాల్సిన పని ఆ సందు ముక్క మందం చేయాలి. మంచి పాత కత్తిని మూసి పైనుంచి చూడండి. ఇరుసు దగ్గర సందు వెడల్పుగా ఉండి, చివరికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. కత్తి వెన్ను లావు ఆ ఇరుకులో పట్టక మధ్యదారిలో ఆగిపోతుంది. వాదర మాత్రం రేకుల లోపల ఖాళీలో వేలాడుతుంది. సందు ముక్క ఒక మిల్లీమీటరు మందం ఎక్కువైతే వెన్ను లోపలికి జారి, వాదర అటువైపు నుంచి తొంగిచూస్తుంది. తీసుకునేవాడి వేలు తెగుతుంది. మరీ పల్చనైతే కత్తి పూర్తిగా మూసుకోదు. వంటింటి కత్తి పిడి ఊడితే గుడ్డ చుట్టుకునైనా ఆ పూట గడుపుకోవచ్చు గానీ, దీనికి పిడి అంటే పట్టూ, ఒరా, కీలూ మూడూ ఒకటే.

బరువు లెక్క కూడా ఉంది. గడ్డం గీసేటప్పుడు పిడిని వెనక్కి మడిచి, కత్తి మెడను వేళ్ల మధ్య పట్టుకుంటారు. చిటికెన వేలు తోక మీద ఆనుతుంది. తూకం ఇరుసుకు దగ్గరలో నిలవాలి. పిడి బరువైతే కత్తి చేతిలోంచి వెనక్కి లాగుతుంది, చెంప మీద పట్టు తప్పుతుంది. పాత కత్తుల రేకులు సాధారణంగా రెండు, మూడు మిల్లీమీటర్ల మందానికి మించవు. షెఫీల్డ్ పాత కత్తుల్లో సందు ముక్కను తరచుగా సీసంతో చేసేవారు. సీసం మెత్తన కనుక మేకు బిగించేకొద్దీ రేకుల మధ్య తనంతట తానే ఒదిగిపోతుంది. పైగా కాస్తంత బరువును చివరికి చేరుస్తుంది. చూడ్డానికి ముతక ఏర్పాటు, కానీ తెలివైనది.

ఉక్కు ఇక్కడిది, ముద్ర అక్కడిది

క్షుర కత్తి అనగానే షెఫీల్డ్, జోలింగెన్ పేర్లు చెబుతారు. చెప్పదగ్గ పేర్లే. అయితే షెఫీల్డ్ ప్రతాపంలో మన వాటా ఎంతో కొంత ఉంది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని 1820లో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయిసీ రాశాడు. అంతకు ముందే, 1794లో, బొంబాయిలోని డాక్టర్ హెలెనస్ స్కాట్ దక్కను ఉక్కు ముద్దలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. స్ట్రాండ్ వీధిలో కత్తుల దుకాణం నడిపిన జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో శస్త్రచికిత్స పరికరాలు, క్షుర కత్తులు చేసి, యూరప్‌లోని మేలైన ఉక్కు కన్నా ఇదే తనకు ఇష్టమని వ్యాపార కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. ఆ స్టోడార్ట్‌తో కలిసి మైఖేల్ ఫారడే ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేశాడు. ఆ ఫలితాలు 1820లోనూ 1822లోనూ అచ్చయ్యాయి. విద్యుత్తుతో పేరు తెచ్చుకోక ముందు, కమ్మరి కొడుకైన ఫారడే స్నేహితులకు ఇచ్చిన బహుమతి తన ఉక్కుతో చేయించిన క్షుర కత్తులే.

మద్రాసుకు ఈ కథలో రెండు పాత్రలున్నాయి. మొదటిది బెంజమిన్ హెయిన్. కంపెనీ ప్రభుత్వపు వృక్షశాస్త్రవేత్తగా సామర్లకోట తోటలో పనిచేసి, నూజివీడు దగ్గరి రమణక్కపేట ఇనుప కొలుముల గురించి కూడా రాసినవాడు. 1814లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన ఉక్కు గురించి స్టోడార్ట్ ఇచ్చిన మెప్పు కూడా చేరింది. రెండోది జోషయా మార్షల్ హీత్. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగం వదులుకుని, 1830లో కడలూరుకు దక్షిణాన పరంగిపేటలో ఇనుప కర్మాగారం పెట్టాడు. అక్కడి దుక్క ఇనుమును షెఫీల్డ్‌కు పంపాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ చేరి 1839లో ఉక్కు తయారీలో మాంగనీసు వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో షెఫీల్డ్ ఉక్కు చవకైంది, కత్తుల వ్యాపారులు బాగుపడ్డారు. హీత్ మాత్రం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 1851లో చనిపోయాడు. పేటెంటు పెట్టుకున్నవాడి కన్నా దాన్ని ఎగ్గొట్టినవాళ్లే లాభపడ్డ వ్యవహారాల్లో ఇదొకటి.

పిడి దగ్గరికి వస్తే చరిత్ర నోరు మూసుకుంటుంది. ఉక్కు మెడ మీద కంపెనీ ముద్ర ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. పిడి చేసినవాడి పేరు ఉండదు. షెఫీల్డ్‌లో కొట్టేవాడు వేరు, సాన పట్టేవాడు వేరు, పిడి బిగించేవాడు వేరు. ఆ మూడో మనిషి చేతికి వచ్చిన సరుకులో మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిన గేదె కొమ్ము ఉండేది, ఏనుగు దంతం ఉండేది. ఆ రెంటినీ మలచడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. 18వ శతాబ్దం నడిమి నుంచీ విశాఖపట్నం పనివాళ్లు దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు చేసి తెల్లదొరల ఇళ్లకు పంపారు. తర్వాతి కాలపు విశాఖ పెట్టెల్లో గేదె కొమ్ము, ముళ్లపంది ముళ్లు, గంధపు చెక్క కలిసి కనిపిస్తాయి. ఎగ్మూరు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ 1901లో దక్షిణ దేశపు దంతపు పని మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. కొమ్ము పనికి పర్లాకిమిడి పేరు మోసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో ఒడిశాలో కలిసేదాకా మద్రాసు రాజధానిలోదే. నేటికీ అక్కడ కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, చేతికర్రలు చేస్తారు. అంత పనితనం ఉన్న చోట క్షుర కత్తి పిడి ఒక సరుకుగా ఎందుకు తల ఎత్తలేదు? నాకు తోచిన కారణం ఒకటే. కొనేవాడు దొర, గడ్డం గీసేవాడు పేదవాడు. మంగలి పొదిలోని వస్తువుకు అలంకారం కావాలని ఎవరూ అనుకోలేదు.

1986 తర్వాత

సెలూన్లలోంచి మడత కత్తి మాయమవడానికి ఫ్యాషన్ కారణం కాదు. మన దేశంలో హెచ్ఐవీని మొదట గుర్తించింది ఈ ఊళ్లోనే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె దగ్గర చదువుతున్న నిర్మల సేకరించిన రక్తనమూనాలను వెల్లూరు సీఎంసీలో పరీక్షిస్తే విషయం బయటపడింది. ఆ తర్వాతి పదేళ్లలో ప్రచారం గోడల మీదికీ రేడియోలోకీ వచ్చింది. ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వాడమన్న మాట సెలూన్ అద్దాల మీద స్టిక్కరుగా వెలిసింది. నాయీ బ్రాహ్మణులు, తమిళ మరుత్తువర్లు తరతరాలుగా నూరుకుంటూ వచ్చిన కత్తిని పొదిలో పెట్టేసి, సగం బ్లేడు విరిచి పెట్టే స్టీలు రేజర్‌కు మారారు. దాని పిడి రేకు ముక్కను వంచి చేసిందే, పాడైతే పారేస్తారు.

ఆ మార్పు సరైనదే. సెలూన్‌లో ఒకే కత్తి పదిమంది చెంపల మీద తిరిగే రోజులు మళ్లీ రావాలని నేను కోరను. సొంత కత్తి, సొంత గడ్డం అయితే ఆ బెంగ లేదు. ఈ కథనం ఆ ఒక్క మనిషి కోసమే.

దేనితో చేయాలి

మొదటిసారి చేసేవాళ్లు నేరుగా కొమ్ము మీదికో ఖరీదైన కలప మీదికో పోతారు. వద్దు. మొదటి పిడి హైలంతో చేయండి. కరెంటు పనివాళ్లనడిగితే చెబుతారు, స్విచ్ బోర్డుల్లో వాడే గోధుమరంగు గట్టి రేకు. కాగితాన్నో గుడ్డనో ఫినాలిక్ రెజిన్‌లో ముంచి, వేడి ఒత్తిడిలో అణిచి చేస్తారు. అమెరికాలో దీన్నే మికార్టా పేరుతో అమ్ముతారు, కత్తులు చేసేవాళ్లు ఎగబడి కొంటారు. మనకు హైలం అన్న పేరు హైదరాబాద్ సనత్‌నగర్‌లోని బేకలైట్ హైలం కంపెనీ వల్ల వచ్చింది. ఆ పేరు ఎలక్ట్రికల్ దుకాణాల్లో సరుకుకే స్థిరపడిపోయింది. మూడు మిల్లీమీటర్ల రేకులో చిన్న ముక్క చాలు. నీళ్లు తాగదు, చెన్నై ఉక్కలో వంగదు, పురుగు ముట్టదు, పాడైతే నష్టం తక్కువ. గుడ్డతో చేసిన హైలం నూనె పట్టించి రుద్దితే నేత గీతలు తేలి అందంగా కూడా ఉంటుంది. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకోండి, వీలైతే తడిపి రుద్దండి.

చేయి కుదిరాక గేదె కొమ్ము. నా ఉద్దేశంలో మడత కత్తికి దాన్ని మించింది లేదు. తేలిక, కాస్త వంగే గుణం, తడి చేతిలోనూ జారని పట్టు. కొమ్ము అంటే మన గోరూ వెంట్రుకా దేనితో తయారయ్యాయో అదే, కెరటిన్. కొన దగ్గర గట్టిగా నిండుగా, మొదట్లో బోలుగా ఉంటుంది. బోలు భాగాన్ని నిలువునా చీల్చి, వేడినీళ్లలో మెత్తబరచి, రెండు ఇనుప పలకల మధ్య అణిచి చల్లారనిస్తే చదునైన రేకు వస్తుంది. ఈ పని ఇంట్లో పెట్టుకోకండి, వాసనకు ఇరుగుపొరుగు తలుపులు కొడతారు. అణిచిన రేకులే కొనుక్కోవడం మేలు. కొమ్ముకు రెండు రోగాలున్నాయి. తేమకు ఉబ్బుతుంది, పురుగుకు ఇష్టం. స్నానాల గదిలో వదిలేయకుండా, ఎప్పుడైనా కాస్త నూనె చేయి రాస్తూ ఉంటే రెండూ దగ్గరికి రావు.

కలపలో రోజ్‌వుడ్ తుంపులు బాగుంటాయి, పాత మంచం కోళ్లలో దొరికినా చాలు. వీణలు చేసే పనస చెక్క రంగు బాగుంటుంది గానీ, ఇంత పల్చటి రేకుకు మేకు దగ్గర చీలుతుందని భయం. నార అడ్డంగా కాకుండా పొడవునా వచ్చేలా కోయాలి. ఎర్రచందనం మాట ఎత్తేవాళ్లు తప్పకుండా ఉంటారు. రాయలసీమ శేషాచలం కొండల చెట్టు, నీళ్లలో మునిగేంత బరువు, నునుపు పెడితే అద్దమే. అయినా అనుమతి కాగితం లేని ముక్క ఇంట్లో ఉంటే అటవీ శాఖకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

దంతం సంగతి మరీ స్పష్టం. మన ఏనుగు దంతం వ్యాపారం 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారం 1991లో చట్టం నిషేధించింది. తాబేటి చిప్ప కూడా అంతే. జింక కొమ్ము అడవిలో దానంతటదే రాలిందే అయినా అమ్మడం, కొనడం నేరం. పాత కత్తికి దంతపు పిడి ఉందని ఎవరైనా మీకు బేరం పెడితే, బేరం ఆడకుండా లేచి రండి.

పాత కత్తుల్లో దంతంలా కనిపించేవి చాలావరకు దంతం కావు, సెల్యులాయిడ్. 1870 ప్రాంతంలో అమెరికాలో హయట్ సోదరులు బయటికి తెచ్చిన ఈ పదార్థం దంతాన్ని, తాబేటి చిప్పను, కొమ్మును అన్నిటినీ అనుకరించింది. నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేసేవారు. ముసలిదైతే తనలోంచి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూసి ఉంచిన కత్తికి ఆ ఆవిరి తగిలి, రేకు ఆనిన చోటల్లా తుప్పు పడుతుంది. పాత కత్తి మొత్తం శుభ్రంగా ఉండి ఒకచోట మాత్రం గుంటలు పడి ఉంటే దోషి పిడే. సినిమావాళ్లు తొలినాళ్లలో వాడిన ఫిల్మ్ కూడా ఇదే జాతి నైట్రేట్ పదార్థం. నటరాజ మొదలియార్ ఈ ఊళ్లో తీసిన దక్షిణాది తొలి మూకీ ‘కీచక వధ’ అలాంటి ఫిల్మ్ మీదిదే, దాని కాపీ ఒక్కటీ మిగల్లేదు. సెల్యులాయిడ్ పిడి దొరికితే కత్తి నుంచి వెంటనే విడదీయండి. నిప్పు దగ్గర పెట్టకండి, భగ్గుమంటుంది.

విప్పడం, గీయడం, కోయడం

పని మొదలుపెట్టే ముందు వాదర మీద మందంగా టేపు చుట్టండి. మొద్దు కత్తి కదా అనుకోకండి. గడ్డానికి మొద్దుబారిన కత్తి వేలికి పదునుగానే ఉంటుంది.

పాత మేకును లాగకూడదు, తలను అరగదీయాలి. సన్న ఆకురాయితో ఒకవైపు తలను వాషర్ మట్టానికి రాచి, సన్నటి పంచ్‌తో అవతలికి తోస్తే జారిపోతుంది. గ్రైండర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. క్షుర కత్తి ఉక్కుకు గట్టిదనం ఇచ్చేది దాని పాయన. వేడెక్కి ఉక్కు మీద నీలిరంగు తేలిందంటే ఆ భాగం మెత్తబడిపోయినట్టే, మళ్లీ ఎంత నూరినా వాదర నిలవదు. ఆకురాయితో అయితే పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే. విరిగిన పాత రేకులను పారేయకండి. ముక్కలు పేర్చి కాగితం మీద గీసుకుంటే అదే మీ నమూనా.

నమూనా లేకపోతే అట్ట మీద మొదలుపెట్టాలి. కత్తిని అట్ట మీద పరిచి, ఇరుసు చోట గుండుసూది గుచ్చి, కత్తిని తెరుస్తూ మూస్తూ చుట్టూ గీయండి. మూసినప్పుడు వాదర అట్ట అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. కత్తి ముక్కుకూ సందు ముక్కకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తోక పైకి స్వేచ్ఛగా లేవాలి. ఈ దశలో తొందరపడినవాళ్లే తర్వాత కొమ్ము ముక్కలు వృథా చేసేది. అట్ట ఖరీదు లేనిది, నచ్చేదాకా కత్తిరించండి.

రెండు రేకులను రెండువైపులా అంటుకునే టేపుతో ఒకదానికొకటి అతికించి ఒకే ముక్కలా కోయాలి. అప్పుడే కవల పిల్లల్లా వస్తాయి. మేకు రంధ్రాలూ అతికించి ఉండగానే వేయాలి. రంధ్రం సైజు పదహారో వంతు అంగుళం, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. ఇత్తడి కడ్డీ కూడా ఆ సైజుదే. నిలువు డ్రిల్లు దొరికితే వదలకండి, చేతి డ్రిల్లు ఎంత జాగ్రత్తగా పట్టినా కొంచెం వాలుతుంది. ఆ కొంచెమే మూసేటప్పుడు కత్తిని ఒక రేకు మీదికి వాలుస్తుంది. వాషర్లు ఊరికే గుండ్రటి బిళ్లలైనా చాలు. వాటిని కాస్త గుంటచేసి డోములా మలచుకుంటే మేకు తల అందులో ఒదుగుతుంది.

విడదీశాక రెండు రేకుల లోపలి ముఖాలను ముందే నునుపు చేయాలి. బిగించాక అక్కడికి వేలు పోదు. అంచులు గుండ్రం చేసి, రెండు చివరలా పల్చబరిచి, నడుమ కాస్త మందం ఉంచితే చేతికి ఇంపుగా ఉంటుంది. ఉప్పు కాగితం 120 నంబరుతో మొదలై 220, 400, 600, 1000, 2000 దాకా. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకుండా రెండో నంబరుకు వెళితే చివర్లో అవే గీతలు మెరుపులోంచి ఎగతాళి చేస్తాయి. కొమ్మును తడిపి రుద్దాలి, లేదంటే కాలిన వెంట్రుకల వాసన.

సందు ముక్క చిన్నదే గానీ, పిడి అంతటిలో కష్టమైనది అదే. ఇరుసు వైపు మందంగా, చివర వైపు పల్చగా వాలుగా ఉండాలి. సీసం వద్దనుకుంటే కొమ్ము, ఇత్తడి, హైలం ఏదైనా పనికొస్తుంది. మందం ముందే లెక్కగట్టి ఒకేసారి తెగ్గొట్టాలని చూడకండి. కాస్త ఎక్కువ మందంతో మొదలుపెట్టి, రేకులను రెండు సన్న బోల్టులతో, ఎం 1.6 సైజువి, తాత్కాలికంగా బిగించి, కత్తి మూసి చూడండి. వాదర ఎక్కడ ఆగిందో చూసి, విప్పి, ముక్కను రెండు మూడు రాపులు రాచి, మళ్లీ బిగించండి. వెన్ను సరైన చోట ఆగి, రేకులు చాలా కొద్దిగా విల్లులా వంగి, కత్తి నట్టనడుమ దిగిందంటే చాలు. విసుగు పుట్టించే పని ఇది. కానీ బోల్టులు ఉన్నంతసేపూ తప్పు దిద్దుకోవచ్చు. మేకు కొట్టాక దిద్దుబాటు లేదు.

చిన్న సుత్తి, చిన్న దెబ్బలు

ముందు సందు ముక్క మేకు, తర్వాత ఇరుసు. కడ్డీని దూర్చి, రెండువైపులా వాషర్ పైన సుమారు ఒక మిల్లీమీటరు మిగిలేలా తెంపి, మొనలను ఆకురాయితో సమం చేయాలి. ఎక్కువ మిగిలితే కొట్టినప్పుడు వంగి లోపల రంధ్రాన్ని పగలగొడుతుంది, తక్కువైతే తల ఏర్పడదు. ఏదైనా గట్టి ఇనుప దిమ్మ మీద ఆనించి, గుండ్రటి ముఖం ఉన్న చిన్న సుత్తితో మేకు మొన చుట్టూ అంచుల మీద తట్టాలి. నడుమ కాదు. కొట్టడం కూడా కాదు, తట్టడమే. ఇత్తడి ఒక్కో దెబ్బకు వెంట్రుకవాసి మేర బయటికి పరుచుకుంటుంది. కాసేపు ఒకవైపు, కాసేపు రెండోవైపు. వంద దెబ్బలకు కూడా ఏమీ కాలేదనిపిస్తుంది, తర్వాత చూస్తే నున్నటి చిన్న తల తయారై ఉంటుంది. గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే తొందరగా అవుతుందని చేయి దురద పెడుతుంది. కొమ్ము పగిలే చప్పుడు మాత్రం ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు.

ఇరుసు బిగువుకు కొలత లేదు, చేతి లెక్కే. కత్తిని సగం తెరిచి పట్టుకుంటే దానంతటది వాలిపోకూడదు, వేలితో నెడితే ఇబ్బంది లేకుండా కదలాలి. వదులుగా ఉంటే ఇంకో నాలుగు తట్లు తట్టొచ్చు. మరీ బిగిస్తే మేకు తీసి మళ్లీ కొత్తది వేయాల్సిందే. అందుకే కొద్ది వదులు దగ్గరే ఆగి, ఒకరోజు వాడి చూసి, తర్వాత బిగించడం మంచిది. కత్తి ఒకవైపు రేకుకు రాసుకుంటుంటే మెడకూ రేకుకూ మధ్య పల్చటి వాషర్ ఒకటి ఒకవైపున వేయొచ్చు. కొమ్ము రేకైతే వేడినీళ్లలో ముంచి కొంచెం వంచి సరిచేసుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాకే నూరడం. పిడి బిగించక ముందే వాదర తీర్చుకుని కూర్చుంటే, సుత్తి పనిలో వేళ్లు తెగడం ఒకటి, వాదర పాడవడం ఇంకోటి. నూరాక తోలు పట్టా మీద మెరుగు పెట్టాలి. వెన్ను ముందు, వాదర వెనక. ఎదురు దిశలో లాగితే పట్టా తెగుతుంది. చర్మాల వ్యాపారం ఇప్పటికీ నడిచే పెరియమేడులో రెండున్నర, మూడు అంగుళాల వెడల్పు పట్టా కోసి ఇమ్మంటే ఇస్తారు. ఏ చర్మం మంచిదని అడిగితే ఒక్కో దుకాణం ఒక్కో మాట చెబుతుంది. మచ్చలు, ముడతలు లేకుండా నున్నగా ఉన్నది తీసుకుంటే చాలు.

ఇక సముద్రపు గాలి. చెన్నైలో కార్బన్ ఉక్కును తడిగా వదిలేస్తే మర్నాటికి మచ్చ కనిపిస్తుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో అయితే ఇంకా తొందరగా. గీసుకున్నాక కడిగి, గుడ్డతో తుడిచి, ఇరుసు సందులోకి ఒక టిష్యూ కాగితం మడిచి దూర్చి తడి పీల్చనిచ్చి, కుట్టుమిషన్ నూనె చుక్క రాయండి. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. ఇరుసులో చేరిన నీళ్లే చాలా కత్తుల్ని లోపలి నుంచి తినేస్తాయి, పైకి కనబడదు.

చివరగా, పిడి కుదిరిందన్న ఉత్సాహంలో ఆ సాయంత్రమే అద్దం ముందు నిలబడకండి. కత్తి మీ తాతగారిదే అయినా ముందు వేడినీళ్లు, స్పిరిట్‌తో శుభ్రం చేయండి. మొదటి రెండు వారాలు బుగ్గలు మాత్రం గీసుకోండి. గదవ, మెడ ఆ తర్వాత.